ఐదో నమూనా

అజ్మాన్‌లోని తెలుగువారికి తెలియజేయునది ఏమనగా, స్వహస్త సుర సమాఖ్య వారి ఈ ఏటి 'వర్ణన శిరోమణి' బిరుదు సమాఖ్య అధ్యక్షులు శ్రీ రాజబాబు గారికే దక్కింది. ఆయనకు ఈ బిరుదు రావడం వరసగా నాలుగోసారి. న్యాయనిర్ణేతల సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు కావడం వల్ల ఎంపిక ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. అయితే ఈసారి బిరుదు ఆయన చేసిన బీరుకు రాలేదు, ఆయన రాసిన ఒక ఉత్తరానికి వచ్చింది. ఆ ఉత్తరం వెనక కథ సభలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకోవలసి వస్తోంది.

రాజబాబుది తణుకు. షార్జాలోని ఒక నిర్మాణ కంపెనీలో కొలతలూ అంచనాలూ చూసే ఉద్యోగం, అజ్మాన్‌లో ఏడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, నాగదుర్గ అనే భార్య, బడికి వెళ్లే కొడుకు. పధ్నాలుగేళ్లుగా సిమెంటు బస్తాలు లెక్కపెడుతున్న ఈ మనిషిలో ఒక కళాకారుడు దాగి ఉన్నాడని 2020 దాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. ఆ ఏడు విమానాలు ఆగిపోయి, దుకాణాలు మూతపడి, జనం బాల్కనీల్లోంచి ఒకరికొకరు చేతులూపుకుంటూ పొద్దుపుచ్చే రోజుల్లో, ఇంట్లోనే బీరు చేసుకోవడం ఎలా అనే ఇంగ్లీషు పుస్తకమొకటి ఆయన ఫోనులోకి దిగింది. ఇంట్లో బీరు చేయడం ఇక్కడి చట్టానికి విరుద్ధం. అందుకే కాబోలు, ఆయన సమాఖ్య పెట్టగానే ఆయనతో కలిపి నలభై ఒక్క మంది పెద్దమనుషులు జమయ్యారు.

సమాఖ్య ప్రధాన కార్యక్రమం పేరు 'ప్రస్తుతం నా గ్లాసులో'. ప్రతి సభ్యుడూ వారానికోసారి, సాయంత్రం సరిగ్గా ఏడింటికి, తాను అప్పుడు తాగుతున్న సొంత బీరును ఫొటో తీసి, దాని గుణగణాలను వాట్సాప్ గ్రూపులో వర్ణించాలి. 2022లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారినప్పుడు ఆఫీసులు కొన్నాళ్లు తికమకపడ్డాయి గాని, సమాఖ్య మాత్రం ఒకే ఒక్క తీర్మానంతో గురువారం నుంచి శుక్రవారానికి మారిపోయింది. వర్ణన నూరు మాటలకు తగ్గకూడదు. అందులో కనీసం మూడు వాసనలు సభ్యుడు జన్మలో ఎరగనివై ఉండాలి. ఈ రెండో నియమం ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా దాన్ని అతిక్రమించిన సభ్యుడు లేడు. దేవదారు అడవి, గుర్రపు జీను, పొగబెట్టిన చెర్రీ కలప. గుర్రం దరిదాపులకు వెళ్లని రావులపాలెం సభ్యుడొకాయన తన గ్లాసులో అరబ్బీ గుర్రపు జీను వేరు, ఇంగ్లీషు గుర్రపు జీను వేరు అని తేల్చి చెప్పి అందరి మన్ననా పొందాడు.

ఈ విద్యలో రాజబాబును మించినవాడు లేడు. ఆయన ఏదీ ఉన్నదున్నట్టు చెప్పడు. పుల్లగా ఉంటే 'యౌవనపు చిలిపితనం' అంటాడు. తియ్యగా ఉంటే 'కార్తీక దీపపు వెలుగు' అంటాడు. నాలుగేళ్ల అభ్యాసంతో ఆ ధోరణి ఒంటబట్టి, ఆఫీసులో ఇసుక నాణ్యత మీద ఇచ్చిన నివేదికలో కూడా 'గంభీరమైన ముగింపు' అని రాసేశాడు. ఇంజనీరు ఆ లారీ వెనక్కి పంపించాడు.

బీరు ఎలా చేస్తారో కూడా చెప్పాలి. సమాఖ్యకు ఉత్పత్తి కాలం జూలై, ఆగస్టు నెలలు. బార్లీ పంటతో దీనికేమీ సంబంధం లేదు. బడి సెలవులకు భార్యలూ పిల్లలూ ఊళ్లకు వెళ్లేది ఆ రెండు నెలలే. పెద్ద బక్కెట్లలో మాల్టు పాకం కలిపి, పుస్తకంలో చెప్పినట్టు 'చన్నీళ్ల కుళాయి నీటిలో' ఈస్టు కరిగించి పోసి, మూత బిగించి వాడని స్నానాలగదిలో పెడతారు. ఇక్కడ ఎండాకాలం గడిపినవారికి ఆ కుళాయి సంగతి తెలిసిందే. మేడ మీది ట్యాంకు పగలంతా ఎండలో కాగి, చన్నీళ్ల కుళాయిలోంచి చెయ్యి పెట్టలేని వేణ్నీళ్లు వస్తాయి. చన్నీళ్లు కావాలంటే గీజరు స్విచ్చి ఆపేసి, ఏసీ గదిలో చల్లబడ్డ ఆ గీజరు నీళ్లు పట్టుకోవాలి. స్నానానికి సభ్యులందరూ ఆ పనే చేసేవారు. బీరుకు మాత్రం పుస్తకాన్ని గౌరవించేవారు. పుస్తకం ఏదో చలిదేశంలో రాసింది.

ఆ వేణ్నీళ్లలో పడ్డ ఈస్టు ఏ బాధా లేకుండా కన్నుమూసేది. రెండు వారాల తర్వాత బక్కెట్లో ఏది పోశారో అదే ఉండేది. నురగ రాకపోవడాన్ని సమాఖ్య ఒక శైలిగా గుర్తించి, తాగేటప్పుడు సగానికి సగం సోడా కలపాలని నిబంధన చేసింది. ఎవరో ఒకరింట్లో కలిసి ఆ తియ్యటి సోడానీళ్లు తాగి పెద్దమనుషులు రెండో గ్లాసుకు పద్యాలు అందుకునేవారు, మూడో గ్లాసుకు చిన్ననాటి స్నేహితులను తలుచుకుని ఏడ్చేవారు. తాగి బండి నడపడం నేరం కాబట్టి అందరూ టాక్సీల్లోనే ఇళ్లకు వెళ్లేవారు. పొద్దున్నే తలనొప్పి మాత్ర వేసుకోని సభ్యుడి నిబద్ధతను సమాఖ్య అనుమానించేది.

కార్యదర్శి దయాకర్‌ది జగిత్యాల వైపు. ఈత కల్లు వాసన ఎరిగి పెరిగినవాడు. మొదటి గుక్కకే ఆయనకు సంగతి అర్థమైంది. కానీ అర్థమైందని చెబితే కల్లు తాగే ఊరినుంచి వచ్చినట్టు తెలిసిపోతుందని, కళ్లు మూసుకుని, రుచిలో నిండుదనానికి పుస్తకం వాడిన మాటతో 'బాడీ ఉంది' అన్నాడు. అప్పటినుంచి అంటూనే ఉన్నాడు. రాస్ అల్ ఖైమాలో క్రేన్ నడిపే అంజి ఒక్కడే, దయాకర్ వెంట అతిథిగా వచ్చి, రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకుని, ఉన్నమాట అనేశాడు.

"గిది ఎక్కుతలేదు సార్. చక్కెర నీళ్ల లెక్కనే ఉన్నది. ఇంత సోడ పోస్తే ఇంకేం ఎక్కుతది?"

సమాఖ్య అత్యవసర సమావేశం జరిపి, అంజి నాలుకకు తగిన సంస్కారం అబ్బలేదని నిర్ణయించింది. అతిథులను తీసుకురావడం అప్పటినుంచి నిషేధం.

ఇక చిట్టెమ్మ. అమలాపురం పక్క పల్లె మనిషి. ఇళ్లకు పనివాళ్లను పంపే ఒక కంపెనీ వీసా మీద వచ్చి, రాజబాబు ఉండే భవనంలోనే నాలుగిళ్లలో వంటా అంట్లూ చూస్తోంది. కూతురు రాజమండ్రిలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. సెప్టెంబరులో వీసా పొడిగిస్తే మరో రెండేళ్లు ఉండొచ్చు, ఆ రెండేళ్లకు పిల్ల చదువు పూర్తవుతుంది. చిట్టెమ్మ దేవుణ్ణి అడిగేది ఈ రెండేళ్లే. నాగదుర్గ ఊరెళ్లినప్పుడు ఇల్లంతా ఆమె చేతిమీదే నడుస్తుంది కాబట్టి బక్కెట్లు కడిగేదీ ఆమే, మూతలు తుడిచేదీ ఆమే.

"బాబుగారూ, ఆ కుళాయి నీళ్లు కాదండీ. గీజరు కట్టేసి ఆ నీళ్లు పట్టండి. సచ్చిన ఈస్టు ఏటి పొంగుద్దండీ," అని ఆమె మొదటి ఏడే చెప్పింది.

రాజబాబు దయగా నవ్వి, ఇది శాస్త్రమని చెప్పాడు. చిట్టెమ్మ "ఆయ్" అని ఊరుకుంది. చదువుకున్నవాళ్ల శాస్త్రానికి అడ్డుపడే అలవాటు ఆమెకు లేదు.

మొన్నటి ఆగస్టులో సమాఖ్య దేశభక్తి మీద దృష్టి పెట్టింది. పదిహేనో తేదీ తర్వాత వచ్చే ఆదివారం జెండా వందనం, ఆపైన ఇడ్లీలతో అల్పాహారం. ఇడ్లీ బాధ్యత చిట్టెమ్మది. ఇలాంటి కీలక విషయంలో ముందు జాగ్రత్త అవసరమని పన్నెండు మంది సభ్యుల అల్పాహార ఉపసంఘం వారం ముందే రుచి చూడాలని తీర్మానించింది. చిట్టెమ్మ పెద్ద నీలం బక్కెట్టు నిండా పిండి రుబ్బి, గీజరు నీళ్లతో కలిపి, రాజబాబు బాల్కనీలో నీడన పెట్టింది. ఆగస్టు వేడి, పైగా ఆమె హస్తవాసి. తెల్లారేసరికి పిండి మూత తోసుకుని లేచి, బక్కెట్టు అంచు దాటి, బాల్కనీ గొట్టంలోంచి కిందికి దిగి, ఆరో అంతస్తులో ఒక అరబ్బు పెద్దమనిషి ఆరేసుకున్న కందూరా అనే తెల్లటి పొడుగు అంగీ మీద పడింది. తెల్లదానిమీద తెల్లది ఎవరికీ కనపడేది కాదు. వాసన పట్టిచ్చింది, పైన ఎవరో సారా కాస్తున్నారని ఆయన ఫిర్యాదు చేశాడు.

వాచ్‌మన్ కలీం హైదరాబాదువాడు, మంచివాడు. లిఫ్టు కోసం చూడకుండా ఏడంతస్తులు మెట్లెక్కి వచ్చాడు.

"రాజా భాయ్, ముదీర్ సాబ్ ఊపర్ ఆ రహే. కుచ్ హై తో హటా దో, జల్దీ!"

ముదీర్ అంటే ఆ భవనం వ్యవహారాలు చూసే మేనేజరు. ఏమైనా ఉంటే చప్పున తీసెయ్యమన్నాడు సరే, రాజబాబుకు హటాయించడానికి నాలుగు బక్కెట్లు ఉన్నాయి, రెండే చేతులు ఉన్నాయి. ముదీర్ స్నానాలగది చూశాడు, బాల్కనీ చూశాడు, ఐదు సీసాల్లో ఐదు నమూనాలు తీయించి నంబర్లు వేయించాడు. ఒకటి నుంచి నాలుగు దాకా రాజబాబువి. ఐదోది పిండి. పరీక్షకు పంపుతున్నానని, మద్యమని తేలితే ఖలాస్ అని, ఫ్లాటు ఖాళీ చేయించి పోలీసులకు చెప్పడం తప్ప తనకు మార్గం లేదని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

"జ్యూస్ సార్, ఓన్లీ జ్యూస్," అన్నాడు రాజబాబు. నాలుగేళ్లలో ఆయన బీరు గురించి చెప్పిన మొదటి నిజం అదే, ఆయనకు తెలియకపోయినా.

కబురు గ్రూపులో పడగానే సభ్యులు ధైర్యం చెప్పకుండా తప్పుకోవడం మొదలుపెట్టారు. పది నిమిషాల్లో నలభై మంది వెళ్లిపోయారు. అందరికంటే ముందు వెళ్లినవాడు 'మిత్రుడి కోసం ప్రాణమిస్తా' అని ప్రతి శుక్రవారం మూడో గ్లాసు దగ్గర ఏడ్చే సభ్యుడు. రాజబాబు ఒక్కడే గ్రూపులో మిగిలి, తనకు తానే ఒక శుభోదయం పంపుకున్నాడు.

మూడు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. పధ్నాలుగేళ్ల ఉద్యోగం, కొడుకు బడి, నాగదుర్గకు ఏమని చెప్పాలి, తణుకులో దిగితే చుట్టాలు ఏమంటారు. భయం నిజమైనది, అందులో వర్ణన లేదు. మూడో రోజు వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చిట్టెమ్మే ఆయన ముఖం చూసి జాలిపడింది.

"మీ బక్కెట్లకేం కాదు బాబుగారూ. అవి పులిస్తే కదా! నా బెంగల్లా ఆ పిండి గురించేనండి. అది బాగా లేచింది."

ప్రాణం మీదికొచ్చిన ఆ సమయంలో కూడా రాజబాబుకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

నివేదిక వచ్చింది. ఒకటి నుంచి నాలుగు నమూనాలు: చక్కెర ద్రావణం, మద్యం లేదు, ఈస్టు ఉంది గాని ప్రాణంతో లేదు. ఐదో నమూనా: పులియడం ముమ్మరంగా జరుగుతోంది, సజీవ సూక్ష్మజీవులు అపారం, మద్యం ఛాయలు అతి స్వల్పంగా ఉన్నవి. ముదీర్ రాజబాబుతో కరచాలనం చేసి క్షమాపణ కూడా చెప్పాడు. తర్వాత ఐదోది ఎవరిదని అడిగాడు. "పనిమనిషిది," అన్నాడు రాజబాబు. అది కూడా నిజమే కదా అని లిఫ్టులో తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రానికి సభ్యులందరూ గ్రూపులోకి తిరిగొచ్చారు. దయాకర్ ఒకే ప్రశ్న అడిగాడు: "అన్నా, రిపోర్టుల మందు వచ్చిందా, రాలేదా?" నలభై మంది ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు. లేదంటే నాలుగేళ్ల దేవదారు అడవులూ గుర్రపు జీనులూ ఏమైపోవాలి? రాజబాబు నివేదిక మరోసారి తెరిచి చూసి, "వచ్చింది. ఐదో నమూనాలో," అని పెట్టాడు. అందులోనూ అబద్ధమేమీ లేదు. నలభై ఒక్క చప్పట్ల బొమ్మలు పడ్డాయి, వాటిలో ఒకటి ఆయనదే. ఐదో నమూనా రుచి చూసే భాగ్యం ఎప్పుడని అబూధాబి నుంచి కూడా అడిగారు.

మర్నాడు చిట్టెమ్మ పని మొదలుపెట్టకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది. భవనంలోకి వచ్చే పాసు ముదీర్ ఆపేశాడట, కలీం జాలిపడి ఈ ఒక్కసారికి పైకి పంపాడట. ఇడ్లీ పిండని తనకు వచ్చిన హిందీలో చెప్పిందట. ఆయన కోప్పడలేదు, కాగితం కావాలన్నాడు. ఎవరింట్లో రుబ్బిందో ఆ ఇంటాయన అది ఏమిటో రాసి సంతకం పెడితే పాసు తిరిగి ఇస్తానన్నాడు. లేకపోతే ఆదివారం లోపు ఆమె కంపెనీకి ఫోను చేస్తాడు.

"ఎక్కువేం వద్దు బాబుగారూ. ఇది ఇడ్లీ పిండండీ, మేమే రుబ్బించుకున్నామండీ, అని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి. పిల్ల చదువు మధ్యలో ఉందండి."

"దానికేముంది చిట్టెమ్మా, అదెంత పని!" అన్నాడు రాజబాబు. నిజంగానే అనుకున్నాడు. చిట్టెమ్మ పెట్టిన తిండి నాలుగేళ్లుగా తింటున్న మనిషి, రాయి కాదు. వెంటనే కాగితం తీసి 'ఐదో నమూనా' అని రాసి, దాని పక్కన 'ఇ' అని పెట్టి ఆగిపోయాడు. ఇడ్లీ పిండి అని సంతకం పెట్టిన కాగితం ఈ భవనంలో ఎన్నాళ్లు దాగుతుంది? దయాకర్ రెండో అంతస్తులో ఉంటాడు. ఆ 'ఇ' కొట్టేశాడు. అబద్ధం రాయకూడదు, పేరు చెప్పకూడదు, చిట్టెమ్మకు మేలు జరగాలి. అలాంటప్పుడు చేతనైన విద్యే ఆదుకుంటుంది. కలం దానంతటదే కదిలింది.

"ఐదో నమూనా గురించి మనవి. చూపుకు శరత్కాల మేఘం. మూత తీయగానే సున్నితమైన పులుపు పలకరిస్తుంది, వెనకే తొలకరికి తడిసిన నేల. నురగ సజీవం. తనంత తానే లేస్తుంది, ఎవరూ ఆపలేరు. నాలుక మీద నిండుదనం, చివరన లేత మైకం. దీని వెనక తరతరాల అనుభవమున్న చెయ్యి ఉంది. ఇంతటి పాకం ఏడు ఎమిరేట్లలోనూ మరొకరికి చేతకాదని, ఈ రంగంలో అనుభవజ్ఞుడిగా ధ్రువీకరిస్తున్నాను."

రాసి, చదువుకుని, కళ్లు తుడుచుకున్నాడు. ఒక పనిమనిషిని ఇంతగా మెచ్చుకున్నవాడు ఈ దుబాయ్ దేశంలో ఇంకొకడు ఉండడనిపించింది. తప్పులేమైనా ఉంటే దిద్దమని గ్రూపులో పెట్టి, టైపింగ్ సెంటర్‌లో అరబీలోకి మార్పించాడు. ఆ టైపిస్టు సమర్థుడు, ఒక్క భావం కూడా పోనివ్వలేదు.

అరబీ చదవలేని చిట్టెమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చెమట అంటకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ముదీర్ దగ్గరికి వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు ఆమెను ఒకసారి తలెత్తి చూశాడు. ఇంటాయన స్వయంగా, సంతకం పెట్టి మరీ, మైకం ఉందని, తరతరాల అనుభవమని, ఎవరూ ఆపలేరని రాశాక ఆయన మాత్రం చేసేదేముంది? పోలీసుల దాకా పోకుండా కంపెనీకి మాత్రం ఫోను చేశాడు, అది ఆయన మంచితనం. కంపెనీవారు చిట్టెమ్మను ఊరికి పంపేయడానికి శనివారం విమానానికే టికెట్టు తీశారు.

కలీం వచ్చి, కిందికి వెళ్లి ఒక్క మాట చెప్పి రమ్మన్నాడు. "భాయ్, నీచే జాకే ఏక్ బార్ బోల్ దో, ఇడ్లీ హై బోల్కే. బస్!" రాజబాబు వెంటనే చెప్పులేసుకుని లిఫ్టెక్కాడు. ఏడో అంతస్తునుంచి కింది దాకా ఆ ఒక్క మాటే మననం చేసుకుంటూ వచ్చాడు. తలుపు తెరుచుకుంది. ముదీర్ గది పది అడుగుల్లో ఉంది. మధ్యలో దయాకర్, అల్పాహార ఉపసంఘం, వాళ్ల చేతుల్లో విప్పి పట్టుకున్న బ్యానరు. 'వర్ణన శిరోమణికి శుభాభినందనలు' అని ఉంది, పక్కనే రాజబాబు ఫొటో. ఫొటో బాగా పడిందా అని దయాకర్ అడిగాడు. బాగా పడిందన్నాడు రాజబాబు. ఇంకా ఏదైనా చెప్పాలా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. లిఫ్టు మళ్లీ పైకి వెళ్లింది.

రాజబాబుకు నిజంగానే బాధ కలిగింది. ఆ శుక్రవారం ఆ బాధను నూట ఇరవై మాటల్లో వర్ణించాడు. అందులో ఎండిన ఓక్ చెక్క వాసన ఉన్నట్టు సభ్యులు గుర్తించారు.

ఆదివారం జెండా వందనం దిగ్విజయంగా జరిగింది. దయాకర్ ఉత్తరాన్ని మైకులో చదివి వినిపించాడు. 'ఎవరూ ఆపలేరు' అన్నచోట హాలు చప్పట్లతో మారుమోగింది. రాజబాబుకు శాలువా కప్పారు. స్వాతంత్ర్యమంటే ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగే ధైర్యమేనని ఆయన ప్రసంగించాడు. ఉత్తరం ఎవరి కోసం రాశారని ఎవరో సభ్యుడు అడగబోతే, పక్కవాళ్లు కళకు అలాంటి ప్రశ్నలు తగవని సర్దిచెప్పారు.

తర్వాత అల్పాహారం. చిట్టెమ్మ లేదు కనుక ఇడ్లీలు ఎక్కడినుంచో తెప్పించారు. నలభై ఒక్క మంది పెద్దమనుషులు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అందరూ ఒకే మాట అన్నారు: "రాళ్లు."

ఆ మాటకు వారెవరికీ నూరు మాటల వర్ణన అవసరం పడలేదు.